తామర మందుకు వాటాలు

రెండేళ్ల కిందటి వానాకాలంలో నన్ను ములకలపల్లి వైపు అడవి అంచు ఊళ్లకు క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా వేశారు. మందు ఎలా పనిచేస్తుందో మనుషుల మీద చూసే పరీక్షలో, డాక్టరుకూ పాల్గొనే వాళ్లకూ మధ్య ఉండే ఉద్యోగం అది. అంగీకారం తీసుకోవడం, మందు అందజేయడం, ఎవరికైనా తేడా చేస్తే వెంటనే పైకి చెప్పడం నా పనులు. పాపకు నడక వచ్చాక ఆమె వెంట పరిగెత్తడమే సరిపోయి మానేశాను. ముప్పై నిండకుండా రిటైరైన దానివి నువ్వొక్కదానివేనని మా ఆయన అంటాడు. పాప పడుకున్నాక గానీ చేయి ఖాళీ కాదు కాబట్టి ఇది రాయడం కూడా ఈ వేళకే కుదిరింది.

మా పరీక్ష తామర మీద. పాత ఆయింట్‌మెంటు ఒకటి, కొత్తది ఒకటి. రెంటిలో ఏది మెరుగో తేల్చాలి. అంతకుముందు ఇలాంటివి ఖమ్మంలోనే చేసేవాళ్లు. ఖానాపురం హవేలి లాంటి పట్నం పేటల నుంచి బండి మీద వచ్చి, చూపించుకుని, ఆఫీసు టైముకు వెళ్లిపోయేవాళ్లే పాల్గొనేవారు. కానీ తామర బాధ ఎక్కువగా ఉన్నది రోజంతా తడి బట్టలతో నాట్లు వేసే ఆడవాళ్లకు. వాళ్లను ఖమ్మం రమ్మంటే ఆ రోజు కూలి పోతుంది. అందుకని ఈసారి మేమే వాళ్ల దగ్గరికి వెళ్లాలని ఎథిక్స్ కమిటీ షరతు పెట్టింది. పాల్గొనేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే బృందం అది. అందులో డాక్టర్లతో పాటు ఒక వకీలు, వైద్యంతో సంబంధం లేని ఒక మామూలు మనిషి కూడా ఉండాలి.

ఎవరికి ఏ మందు వెళ్లాలో కంప్యూటరు చీటీ వేసి నిర్ణయిస్తుంది. ట్యూబులన్నీ ఒకేలా ఉంటాయి; ఏది ఏదో నాకూ తెలియదు, డాక్టరు గారికీ తెలియదు. మేం వెళ్లిన ఒక కోయ ఊళ్లో ఈ సంగతిని అక్కడి ఆశా కార్యకర్త ఆడవాళ్లకు కోయ భాషలో చెప్పింది. ఊరి పెద్ద ఒప్పుకుంటే చాలదు, ఒక్కొక్క మనిషినీ విడిగా అడగాలి. అందరిలోకి పెద్దది సోడె ముత్తమ్మ. ఆమె ఆసాంతం విని నన్ను తెలుగులో అడిగింది.

"అంటే నాకు మెరుగుది రావచ్చు, మా తోడికోడలికి తక్కువది రావచ్చు. అంతేనా బిడ్డా?"

రెండూ మందులేనని, ఏది మెరుగో ఇంకా ఎవరికీ తెలియదని చెప్పాను.

"మరి ఆ కంప్యూటరుకు మా ఇండ్ల సంగతి ఏం తెలుసు?"

ఏమీ తెలియదు, అదే దాని గొప్పతనం అన్నాను. అందరూ నవ్వారు, వేలిముద్రలు వేశారు. మందు వేరేవాళ్లకు ఇవ్వకూడదని, పిల్లలకు పూయకూడదని కూడా చదివి వినిపించాను. సాక్షి సంతకం అయింది.

ప్రతిసారీ పాత ట్యూబులు వెనక్కి తీసుకుని తూకం వేస్తాం. ఎంత వాడారో అలా తెలుస్తుంది. మిగతా చోట్ల సగం నిండిన ట్యూబులు వచ్చేవి. ఈ ఊరి నుంచి మాత్రం ఇస్త్రీ చేసినట్టు చదునుగా వచ్చాయి, చుక్క మందు మిగలకుండా. డాక్టరు గారు మురిసిపోయి, పట్నం వాళ్లకు చదువుంది గానీ శ్రద్ధ లేదని మీటింగులో అన్నారు. అన్నీ సవ్యంగా జరిగితే నాకు భయం పట్టుకుంటుంది. అయినా తూకం సరిగ్గా ఉంది కాబట్టి నోరు మూసుకున్నాను.

తరువాతి నెల, పాపను చూసుకునే మా అత్తయ్య ముదిగొండలో పెళ్లికి వెళ్లడంతో పాపను వెంట తీసుకెళ్లాల్సి వచ్చింది. కాచిన నీళ్లు, థర్మామీటరు, దోమతెర, టోపీలు, అవి తడిస్తే మార్చడానికి ఇంకా టోపీలు. "మేడమ్, పరీక్ష సామాను కన్నా పాప సామానే ఎక్కువున్నది," అన్నాడు డ్రైవరు. ఊళ్లో కొత్త ట్యూబులు ఇచ్చి బయలుదేరాక చూస్తే పాల సీసా లేదు. జీపు వెనక్కి తిప్పించాను.

ముత్తమ్మ వాకిట్లో ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో పెద్ద సత్తు గిన్నె. నేనిచ్చిన ట్యూబులన్నీ అందులోకి పిండి, ముత్తమ్మ పుల్లతో కలుపుతున్నది. పక్కన మోదుగాకు దొప్పలు వరసగా పెట్టి ఉన్నాయి. నన్ను చూసి ఎవరూ ఏదీ దాచలేదు. ముత్తమ్మ ఇంకో దొప్ప తీసింది.

"జర ఆగు బిడ్డా, పాపకు వాటా తీస్తున్న."

ఆ ఊళ్లో వాగులో పడ్డ చేపలైనా, అడవిలో దొరికిన తేనె అయినా ఇంటింటికీ వాటా వేస్తారు. పంచేటప్పుడు అక్కడ ఉన్న ప్రతి ప్రాణికీ, చంటిపిల్లకైనా, వాటా ఉంటుంది. మందు ఊళ్లోకి వచ్చింది కాబట్టి మందుకూ అదే పద్ధతి.

గిన్నె దగ్గరికి పరిగెత్తాను. ఇదేంది పెద్దమ్మా అన్నాను.

"నువ్వే చెప్పినవ్ గద, ఒకళ్లకు మెరుగుది, ఒకళ్లకు తక్కువది పోతదని. గట్ల పంచుడు ఏం పద్ధతి? కంప్యూటరు తప్పు జేసింది, మేం సరిజేసినం."

"దానికి మన ఇండ్లు తెల్వయి గద అక్కా, దాన్నేం అంటం," అని తోడికోడలు కంప్యూటరును వెనకేసుకొచ్చింది.

"పిల్లలకు గూడ పూసిండ్రా?"

"నువ్వు వద్దన్నవ్, పూయలే. వాటా వాటానే, పూసుడు పూసుడే."

పిల్లల వాటాలు చూరు కింద దొప్పల్లో భద్రంగా ఉన్నాయి. అయినా ఊళ్లోని పిల్లలందరి ఒళ్లూ చూశాను. ఎవరూ ఏమీ పూయని మా పాపను రెండుసార్లు చూశాను.

ఇది పైకి చెప్పి తీరాలి. చెబితే ఊరిని పరీక్ష నుంచి తీసేస్తారు. వానలు ముదిరిన వేళ మందూ ఆగిపోతుంది, డాక్టరు రాకా ఆగిపోతుంది. చెప్పకపోతే కలిపిన మందు రెండు మందుల లెక్కలోకి ఎక్కుతుంది. సిగ్నల్ దొరికిన చోట జీపు ఆపించి ఫోన్ చేశాను. డాక్టరు గారు ముందు ఒక్కటే అడిగారు.

"తామర తగ్గిందా?"

"అవ్ సార్, బాగనే తగ్గింది. దేనితోటి తగ్గిందో చెప్పలేం."

నియమం తప్పిన ఊరని రాసి తీసేద్దామన్నారు. ముందు కమిటీకి చెప్పాలని గుర్తు చేశాను.

కమిటీలోని మామూలు మనిషి ఖమ్మంలో టైలరింగ్ షాపు నడిపే ఆవిడ. ఊళ్లో వాళ్లు మందు పంచుకుంటారేమో అని ఎవరైనా అడిగారా అంది. వేరేవాళ్లకు ఇవ్వొద్దని చదివి వినిపించామని డాక్టరు గారు అన్నారు. "వినిపించిండ్రు సార్. అడిగిండ్రా?" అంది ఆవిడ. అడగలేదు. ఊరిని తీసేయకూడదని, వైద్యం ఆపకూడదని, అప్పటిదాకా తీసిన కొలతలు పక్కన పెట్టాలని కమిటీ తీర్మానించింది. ఇకపై మనిషికొక మందు కాదు, ఊరికొక మందు. మా రంగంలో ఆ పద్ధతి ముందునుంచీ ఉన్నదే, మాకు తోచలేదు. అంగీకారం మళ్లీ మొదటి నుంచీ తీసుకోమన్నారు.

ఊరంతటికీ ఒక్కటే అయితే పేచీ లేదంది ముత్తమ్మ. రెండో మందుకు డాక్టరు గారు ఆ దారిలోనే ఉన్న పక్క ఊరిని ఎంచారు. ఆ పేరు వినగానే ఆడవాళ్లు నవ్వారు. ఎందుకో ముత్తమ్మ చెప్పింది.

"ఆ ఊరికి మా ఆడపిల్లలను ఇచ్చినం. వాళ్లొస్తరు, మేం పోతం. మందు ఒక్క కాడ ఎట్ల ఆగుతది?"

మరి మీ మందు ఏ ఊరికి పోదని అడిగాను. అందరూ ఒక్కసారే వాగు అవతలి ఊరి పేరు చెప్పారు. చేపల మడుగు దగ్గర తగువట.

"వాళ్లకు మేం నిప్పు గూడ ఇయ్యం," అంది తోడికోడలు.

డాక్టరు గారు రిపోర్టులో దీన్ని "రెండు గ్రామాల మధ్య రాకపోకలు పరిమితం" అని రాశారు. అయితే వేలిముద్ర వేసే ముందు ముత్తమ్మ ఒక షరతు పెట్టింది.

"పరీక్ష అయినంక ఏది మెరుగైతే అది వాళ్లకు గూడ ఇయ్యాలె. కొట్లాట చేపల కాడ. గోకుడు అందరికీ ఒక్కటే."

అలా ఇవ్వాలన్న మాట మా ప్రోటోకాల్‌లో, అంటే పరీక్ష నియమావళిలో, లేదు. కమిటీ చేర్పించింది. వాగు అవతలి ఊళ్లోనూ ఒక్కొక్కరినీ అడిగి అంగీకారం తీసుకున్నాక, తగువు తీరకముందే, వానలు ఆగకముందే పరీక్ష ముగించగలిగాం. కొత్త మందే మెరుగని తేలింది, అది రెండు ఊళ్లకూ వెళ్లింది.

నేను నేర్చుకున్నది ఇది. నియమాలు చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవడం అంగీకారంలో సగమే. ఆ ఊళ్లో వాళ్లు దేన్ని ఎవరితో పంచుకుంటారో, ఎవరితో పంచుకోరో ముందే అడిగి, పరీక్షను దాని ప్రకారం కుదుర్చుకోవాలి. అడగకుండా వెళితే నియమం తప్పింది ఊరు కాదు, మనం.