కాయని మిర్చితోట

గూడూరు దగ్గరి తండాలో లచ్చిరాం వేసిన మిర్చి నడుమెత్తు పెరిగింది గాని కాయలేదు. పరిహారం కావాలంటే, దున్నకముందే, విత్తనాలు అమ్మిన వీరేందర్ ఎదుట తోటను తాను పరిశీలించాలని వ్యవసాయాధికారి చెప్పాడు. అంతలోనే అమ్మకాలకు బహుమతిగా విత్తన కంపెనీ వీరేందర్‌ను ఈజిప్టు విహారయాత్రకు పంపింది. ఇందులో చట్టవిరుద్ధమైనదేదీ లేదు. లచ్చిరాం ఆ తోటకే నీళ్లు పెడుతూ ఎదురుచూశాడు.

తిరిగొచ్చిన వీరేందర్ దుకాణంలో మ్యూజియం ఫోటోలు చూపించాడు.

"వేల ఏండ్ల శవం లచ్చిరాం, ఇంక చెడలే. మాకు చెప్పెతందుకు ఒక ప్రొఫెసర్, పడవల ఏసీ రూములు."

"మంచిగున్నదన్నా. మా తోటకెప్పుడొస్తవ్?"

"సచ్చిన తోటల ఏం జూస్తవ్? దున్ని మక్కలెయ్యి."

"సచ్చినోళ్లను జూడ గంత దూరం పోతివి. మా తోట గూడూరు దగ్గర్నే గదన్నా."

వీరేందర్ తర్వాతి ఫోటోకు జరిపాడు. లచ్చిరాం తండాకు వెళ్లి ఆ తోటకే మళ్లీ మోటారు వేశాడు.