తిరిగి ఇయ్యని బిళ్ళ

మొన్న ఖతార్‌లో ఉన్న మనవడి ఫోను పొద్దంతా కలవకపోయేసరికి మా వదిన కంచం ముందు కూర్చున్నదే గానీ ముద్ద ముట్టలేదు. చార్జింగు అయిపోయి ఉంటది, ఊకె ఫికర్ చేస్తవేంది నానమ్మా అని ఇంట్లో పిల్లలు నవ్వారు గానీ, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ముఖాన్ని నేను మునుపొకసారి చూశాను, వదిన పెనిమిటి, మా పెద్దన్న బొగ్గు బాయిలో పోయాడనుకున్న రోజున. గోదావరిఖని గల్లీల్లో షిఫ్టు సైరన్లు వింటూ పెరిగిన నా ఈడు వాళ్ళకు ఆ భయమేమిటో నేను వేరే చెప్పనక్కరలేదు.

డెబ్బయిల చివరి సంగతి ఇది. అంతకు కొన్నేళ్ళ ముందు బొగ్గు బాయిలో పైకప్పు కూలి మా నాన్న పోతే, ఆ కొలువే అన్నకు వచ్చింది. కంపెనీ క్వార్టరులో అమ్మ, అన్న, వదిన, ఇంకా పాకడం రాని వాళ్ళ కొడుకు, నేను. నాన్నను మింగిన బాయిలోకే దినాం దిగాలంటే అన్నకు భయమేసేదట, ఆ మాట అప్పట్లో మాలో ఎవ్వరికీ చెప్పలేదు పాపం. అప్పుడప్పుడే చుట్టుపక్కల పల్లెల నుంచి పొలాలు ఎండిన పిల్లలు దుబాయి పోతున్నారు (మస్కటైనా ఇంకేదైనా మాకు అన్నీ దుబాయే), టేప్‌రికార్డర్లు, సెంటు సీసాలు పట్టుకొస్తున్నారు. అన్న ఒక్కసారి ఆ ముచ్చట ఎత్తితే అమ్మ దినమంతా అన్నం మానేసింది. ఇక ఎత్తలేదు, మేమూ మరిచిపోయాం.

బాయి దిగే ప్రతి మనిషికీ తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. దిగేటప్పుడు తీసుకోవాలి, పైకి వచ్చాక వాపస్ ఇయ్యాలి. షిఫ్టు అయిపోయినా బిళ్ళ రాలేదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. ఆ రోజు మొదటి షిఫ్టు అయిపోయింది, అందరి బిళ్ళలూ వచ్చాయి, అన్నది రాలేదు. బాయిలో తలకు పెట్టుకునే అన్న దీపం మాత్రం వచ్చింది, ఎవరో తెచ్చి కుప్పలో పెట్టి పోయారట. మనిషి చీకట్లో దీపం కూడా లేకుండా ఎక్కడో పడి ఉన్నాడనే అనుకున్నాం.

వేళకాని వేళ సైరన్ మోగితే ఆడవాళ్ళు పొయ్యి మీదిది పొయ్యి మీదే వదిలి బాయి గేటుకు ఉరికేవారు. ఆ రోజూ మోగింది, మేమూ ఉరికాం. నాన్న కోసం నిలబడ్డ చోటే అమ్మ మళ్ళీ నిలబడింది, ఏడవలేదు, ఆ ఇనుప గేటు ఊచను పట్టుకున్న చెయ్యి మాత్రం వదలలేదు. వదిన పిలగాన్ని చంకన వేసుకుని ఎవరు పైకి వచ్చినా వాళ్ళ ముఖం కేసి చూసేది. వెతకడానికి కొందరు మళ్ళీ లోపలికి దిగారు, వాళ్ళ పెండ్లాలు కూడా వచ్చి మా పక్కన నిలబడ్డారు, మా కోసం వాళ్ళకేమన్నా అయితే ఎట్లా అని నాకు అదొక భయం. లోపలినుంచి ఏ కబురూ లేదు.

పొద్దు వాలుతుండగా అన్నతో కలిసి బాయి దిగే సోపతిగాడు బజారు నుంచి రొప్పుకుంటూ వచ్చాడు. బాయిలో ఎవ్వరూ లేరు, వాళ్ళను పైకి పిలవండని కాళ్ళావేళ్ళా పడ్డాడు. అన్న అందరితో పాటే పైకి వచ్చాడట, దీపం ఈ సోపతిగాని చేతికిచ్చి, దుబాయి పంపే ఏజెంటు వెంట బొంబాయి రైలెక్కడానికి రామగుండం స్టేషనుకు ఉరికాడట, ఆ తొందరలో బిళ్ళ జేబులోనే ఉండిపోయింది. అప్పుడు అమ్మ గేటు ఊచ వదిలింది. బతికే ఉన్నాడని చుట్టూ జనం ఊపిరి పీల్చుకున్నారు, కొందరు తిట్టారు. వదిన ఒక్కతే అట్లాగే నిలబడి, నాకు మాత్రమే వినపడేట్టు అన్నది.

“బాయిల ఉంటే సచ్చో బతికో పైకి తెద్దురు. సముద్రం అవుతలకెల్లి ఎవరు తెస్తరు?”

చెప్పకుండా పోయినందుకు కొలువు పోయింది, కొలువుతో క్వార్టరు పోయింది, కిరాయి గదిలోకి మారాం. తర్వాత అన్న పంపే బ్యాంకు డ్రాఫ్టులు రావడం మొదలయ్యాక, గేటు దగ్గర తిట్టినవాళ్ళే మా ఇంటికొచ్చి ఆ ఏజెంటు ఎక్కడుంటాడని అడిగారు. చూస్తుండగానే మా గల్లీలో మగవాళ్ళు పలచబడ్డారు, రేషను దుకాణానికీ దవాఖానకూ అన్నిటికీ ఆడవాళ్ళే తిరిగేవారు. ఒకనాడు మా వెనక ఇంటికి దుబాయి నుంచి పెట్టెలో శవం వచ్చింది. మూత తీసి ముఖం చూడనియ్యలేదు. ఆ తర్వాత పోస్టుమ్యాన్ సైకిలు గంట విన్నా వదిన గోడ పట్టుకునేది.

ఏళ్ళ తర్వాత అన్న వచ్చినప్పుడు తన కొడుకే వదిన కొంగు వెనక దాక్కున్నాడు. అన్న ఇంట్లోకి రాకముందే, గడప అవతలనే నిలబడి, జేబులోంచి ఆ ఇత్తడి బిళ్ళ తీసి వదిన అరచేతిలో పెట్టాడు.

“ఇది వాపస్ ఇయ్యలే గద, నేనింక పైకి రాలేదనే లెక్క అనుకునేటోన్ని.”

మళ్ళీ పోలేదు. ఆటో నడుపుకుంటూ ఇక్కడే బతికాడు, ఇక్కడే పోయాడు.

మొన్న సాయంత్రానికి ఫోను కలిసింది, అటు మనవడు నవ్వాడు, ఇటు పిల్లలు నవ్వారు, వదిన ఇంత అన్నం తిన్నది. మా దిక్కు పాత బాయిలు మూతపడ్డాయి, ఆ సైరన్లూ లేవు. గల్ఫ్ దేశాలకు పోయేవాళ్ళు మాత్రం అప్పటికంటే ఎక్కువయ్యారు, మాటా ముఖమూ అరచేతిలోకి వస్తున్నాయి, కానీ ఫలానావాడు ఇంకా పైకి రాలేదని చూసి సైరన్ మోగించే మనిషి ఆ దేశాల్లో ఒక్కడన్నా ఉన్నాడో లేడో నాకు తెలియదు. తిన్న చెయ్యి కడుక్కుని వదిన తన పెట్టెలోంచి బిళ్ళ తీసి కొంగుతో తుడిచింది. ఈసారి వాడు వచ్చి పోయేటప్పుడు దీన్ని జేబుల పెడత, వాపస్ ఇయ్యనీకైనా రావాలె గద అన్నది.