క్లచ్చక్క రాసిన సెంటర్ స్టాండు

క్లచ్చక్క ఒకసారి మోటారు సైకిలు మీద ఎంత జోరుగా వెళ్ళిందంటే, ఆమె నీడ మర్నాడు పొద్దున గానీ ఇల్లు చేరలేదు. సరే, మర్నాడు అనడం కొంచెం ఎక్కువే. సాయంత్రానికల్లా వచ్చేసింది. కానీ వచ్చిన నీడ రొప్పుతూ వచ్చిందన్నది మాత్రం నిజం, చూసినవాళ్ళున్నారు.

ఆమెకు యాభై రెండేళ్ళు. పొట్టి మనిషి, గట్టి మనిషి. రెండు గదుల ఇంటిని ఆనుకుని ఒక రేకుల షెడ్డు, అందులో బండ్లు బాగుచేయడం ఆమె జీవనం. దానికి తోడు, మోటారు వారపత్రికకు వచ్చే కొత్త బండ్లను నడిపి, మంచీ చెడ్డా తేల్చే పని కూడా ఆమెదే. కాకపోతే ఆ సంగతి ఆమెకూ, చెల్లెలికీ, చెల్లెలి మొగుడికీ తప్ప నాలుగో మనిషికి తెలియదు. పత్రికలో పేరు పడేది మరిదిది.

పదకొండేళ్ళుగా ఇదే వరస. కంపెనీ పంపిన బండిని మరిది వ్యానులో తెచ్చి షెడ్డులో దింపి పోతాడు. వారం తర్వాత వచ్చి వదిన నోటుపుస్తకం పట్టుకుపోతాడు. శుక్రవారానికి అది ఆయన వ్యాసమై, పక్కన హెల్మెట్ చంకలో పెట్టుకున్న ఆయన ఫోటోతో సహా అచ్చవుతుంది. "ఆడమనిషి పేరుంటే జనం నమ్మరు వదినా, ఈ ఒక్కసారికీ నా పేరు పెడదాం" అన్నాడు మొదటిసారి. చెల్లెలి కాపురం ఆ ఉద్యోగం మీదే నడుస్తోందని క్లచ్చక్క సరేనంది. ఆ ఒక్కసారి పదకొండేళ్ళు సాగింది.

అంతటితో ఊరుకున్నా ఆమె సర్దుకునేదేమో. కిందటేడు ఒక వ్యాసం చివర ఆయన ఇలా రాశాడు: "బండి తుడవడంలో తోడ్పడిన మా వదినగారికి కృతజ్ఞతలు." క్లచ్చక్క ఆ ముక్క కత్తిరించి, షెడ్డులో పానాలు తగిలించే మేకుకు గుచ్చింది. ఏ పానా తీసినా ముందు అదే కంటపడేది. ఏడాదిపాటు కోపం చల్లారకుండా అలా కాపాడుకుంది.

ఈ ఏడు వచ్చిన బండి మామూలుది కాదు. పైన తొడుగు లేదు, ముందు గాలి అద్దం లేదు, ఇంజను అంతా బయటికే కనపడుతూ ఒంటి మీద బట్టల్లేని పహిల్వానులా నిలబడి ఉంది. వెయ్యి సీసీ పైమాటే. చేయి తిరిగినవాళ్ళకే అమ్ముతామని కంపెనీవాళ్ళే చెప్పుకున్నారు.

క్లచ్చక్క పద్ధతి వేరు. మొదటిరోజు ఇంజను ముట్టుకోదు. బండిని చేత్తో తోస్తూ షెడ్డు చుట్టూ తిప్పుతుంది, బరువు ఎటు ఒరుగుతుందో మోచేతులు చెబుతాయి. రెండోరోజు రెండు ఇటుకల మధ్య నడక వేగంతో మలుపులు తిప్పుతుంది. జోరుగా ఎవడైనా పోతాడు, నెమ్మదిగా పోవడంలోనే బండి గుణం బయటపడుతుందని ఆమె లెక్క. మూడోరోజు గానీ ఘాట్ రోడ్డు ఎక్కదు.

నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసుకుంది: "ఇంజను నిమిషానికి నాలుగు వేల తిప్పుల దాకా ఆవుదూడ. ఆరు వేలు దాటితే చేతులు గూళ్ళలోంచి ఊడొస్తాయేమో అనిపిస్తుంది. ముందు బ్రేకు రెండు వేళ్ళు చాలు, మూడో వేలు వేస్తే పళ్ళు రోడ్డు మీద ఏరుకోవాలి. సిగ్నలు దగ్గర ఆగితే కుడి మోకాలు కాలుతుంది. అద్దాల్లో మన మోచేతులు తప్ప వెనక బండ్లు కనపడవు. మలుపుల్లో మాత్రం మనసులో అనుకుంటే చాలు, తిరుగుతుంది. కుడి మణికట్టు చెప్పినమాట వినేవాళ్ళు కొనుక్కోవచ్చు. మిగతావాళ్ళు ఫోటో చూసి ఆనందించండి."

ఆ తర్వాత మేకు వైపు చూసింది. బ్రేకు గురించి రాసిన వాక్యం చెరిపి, "ముందు బ్రేకు మెతక, నాలుగు వేళ్ళతో గట్టిగా లాగాలి" అని రాసింది. పత్రిక ఆవరణలో ఆదివారం జరిగే సభలో మరిది ఆ బండెక్కి జనానికి చూపించాలి. నాలుగు వేళ్ళూ బిగిస్తాడు. హ్యాండిలు మీంచి ఎగిరి ఎడిటరు ఒళ్ళో పడతాడు. ఆ దృశ్యం ఊహించుకుంటూ క్లచ్చక్క కడుపునిండా భోంచేసింది.

చేయి కడుక్కుంటుంటే మనసు మొరాయించింది. ఆ వాక్యం చదివేది మరిది ఒక్కడే కాదు. దాన్ని నమ్మి బ్రేకు పట్టినవాడు ఎవరి కొడుకో, ఎవరి తండ్రో. రబ్బరు తీసుకుని కాగితం పలచబడేదాకా రుద్ది, నిజమే మళ్ళీ రాసింది. అయినా కోపానికి ఏదో ఒకటి పెట్టాలి కదా. బండి నడపనివాడికి తప్ప ఇంకెవరికీ దెబ్బ తగలని అబద్ధం కావాలి. ఇంకో వాక్యం చేర్చింది: "ఇంత బరువున్నా సెంటర్ స్టాండు ఎంత తేలికంటే, ఒంటికాలితో వేసేయొచ్చు."

ఆ బండికి సెంటర్ స్టాండే లేదు. ఉన్నది పక్కకు ఒరిగి నిలబడే సైడ్ స్టాండు ఒక్కటే. బండెక్కి దిగినవాడెవడికైనా ఆ సంగతి తెలుస్తుంది.

నోటుపుస్తకం తీసుకెళ్ళడానికి ఈసారి చెల్లెలు వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, పుస్తకం తెరిచి చదివింది.

"అక్కా, దీనికి సెంటర్ స్టాండు లేదు కదే?"

"లేదు."

"మరి ఆయనకి చెప్పనా?"

"నీ మొగుడు, నీ ఇష్టం."

చెల్లెలు కాసేపు మేకు వైపు చూసింది. "ఆదివారానికి ఆయనకి తెల్ల ప్యాంటు ఇస్త్రీ చేస్తాలే" అని పుస్తకం సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం వ్యాసం వచ్చింది. ఆదివారం పొద్దున ఆవరణలో నలభై మంది పాతకాపులు, తలలు నెరిసిన బండివాళ్ళు, చేతుల్లో పత్రికలతో చేరారు. క్లచ్చక్క చేతిగుడ్డతో ఒక మూల నిలబడింది, ఆమెను రమ్మన్నది తుడవడానికే. మరిది తెల్ల ప్యాంటులో మెరిసిపోతూ అరగంట ఉపన్యాసం దంచి, పనిలో పనిగా ఇంజను చప్పుడు కూడా కాసేపు వినిపించి ఆపాడు. అప్పుడు ముందు వరసలోంచి రిటైరైన బస్సు డ్రైవరొకాయన లేచాడు.

"అంతా బాగుంది సార్. ఒక్కసారి సెంటర్ స్టాండు వేయండి. వెనక చక్రం లేస్తే తిప్పి, గొలుసు చూసుకుంటాం. ఒంటికాలితో వేయొచ్చని రాశారుగా!"

"దానికేం భాగ్యం!" అంటూ మరిది కాలు బండి కిందికి పోనిచ్చాడు. బూటుకు గాలి తగిలింది. ఇంకొంచెం వెనక్కి పోనిచ్చాడు. సైలెన్సరు తగిలి చురుక్కుమంది. అటువైపు వెళ్ళి రెండో కాలు పెట్టాడు. చెప్పు పోయినవాడు మంచం కింద వెతుక్కుంటున్నట్టు కాలు ఆడిస్తూనే ఉన్నాడు.

"కాలు మార్చండి సార్, ఆ కాలికి రానట్టుంది" అన్నారెవరో.

చివరికి ఆయన మోకాళ్ళ మీద కూలబడి, తెల్ల ప్యాంటు గ్రీజులో పెట్టి, బండి కిందికి తల దూర్చాడు. అక్కణ్ణుంచే గొంతు తగ్గించి పిలిచాడు. "వదినా! స్టాండెక్కడ చచ్చింది?"

క్లచ్చక్క గొంతు తగ్గించలేదు. "నన్నడుగుతావేంటి మరిదీ? నేను బండి తుడిచేదాన్ని. నడిపినవాడివి నువ్వు!"

నవ్వులు మొదలయ్యాయి. బస్సు డ్రైవరు మాత్రం నవ్వలేదు. బండెక్కి కూర్చుని బ్రేకు పట్టి చూశాడు, మోకాలి దగ్గర వేడి చూశాడు, అద్దాల్లో తన మోచేతులు చూసుకున్నాడు. "స్టాండు తప్ప మిగతాదంతా అక్షరాలా నిజం. ఇది బాగా నడిపినవాళ్ళు రాసిందే. ఎవరు రాశారయ్యా?"

మరిది లేవలేదు. కింద ఉంటేనే నయమనుకున్నట్టున్నాడు. వెనక వరసలోంచి చెల్లెలి గొంతు వినపడింది. "మా అక్క. పదకొండేళ్ళుగా మా అక్కే."

ఎడిటరు క్లచ్చక్క చేతిలో బండి తాళం పెట్టాడు. ఆమె చేతిగుడ్డ తీసి మరిది భుజాన వేసింది. రెండు పూలకుండీల మధ్య నుంచి, నడక వేగంతో, కాలు నేలకు ఆనించకుండా, ఆ పహిల్వానును ఎనిమిది అంకెలా తిప్పింది. పై శుక్రవారం పత్రికలో సవరణ పడింది, దాని కింద ఆమె పేరు పడింది. మరిదికి ఉద్యోగం ఉంది, చెల్లెలి కోసం అడిగి మరీ ఉంచమంది క్లచ్చక్క. కాకపోతే బండ్లు తెచ్చి దింపడం, తుడవడం ఆయన పని. ఆ పనికి ఆయనకు ప్రతి వ్యాసం చివరా కృతజ్ఞతలు అచ్చవుతాయి.

షెడ్డుకు వెళ్ళి ఇదంతా నిజమేనా అని అడిగితే క్లచ్చక్క తల ఎత్తదు, పానా తిప్పడం ఆపదు.

"అంతా ఒట్టి కట్టుకథ. నేనేం అబద్ధం రాయలేదు. ఆ బండికి సెంటర్ స్టాండు ఉంది, నేనే రెండుసార్లు వేశాను. ఎవడో విప్పుకుపోయుంటాడు."