కృపామణి అక్క వేసిన మట్టి

కృపామణి అక్క ప్రార్థన మొదలుపెట్టిందంటే అన్నం చల్లారిపోవాల్సిందే. ఈ మాట నేను కోపంతో చెప్పడం లేదు, ఆకలితో చెబుతున్నాను. ఇల్లినాయ్‌లో ఇద్దరం ఒకే ఆసుపత్రిలో నర్సులం. ఆదివారం చర్చి నుంచి వచ్చి వాళ్ళింట్లో భోజనానికి కూర్చునేవాళ్ళం. కోడికూర గిన్నెలోంచి ఆవిరి లేస్తుండేది. అక్క కళ్ళు మూసుకుని దేవుడితో తీరిగ్గా కబుర్లు మొదలుపెట్టేది. నరసరావుపేటలో చెల్లెలి కాన్పు, నేపర్‌విల్‌లో ఎవరిదో గ్రీన్‌కార్డు, మా వార్డులో ముసలాయన గుండె, చివరికి నా నోటి దురుసు, అన్నీ వరసగా ఆయనకు అప్పజెప్పేది. నా నోటి దగ్గరికి వచ్చేసరికి నేను ఒక కన్ను తెరిచి చూస్తే, ఎదురుగా దేవసహాయం బావగారు కూడా ఒక కన్ను తెరిచి నవ్వుతుండేవారు.

ఆ ప్రార్థన ఆవిడకు పుట్టుకతో వచ్చింది. వాళ్ళమ్మ బైబిలు స్త్రీ. పల్నాటి ఎండలో పల్లెపల్లెకూ నడిచి, ఆడవాళ్ళ వంటిళ్ళ గుమ్మాల్లో కూర్చుని వాక్యం చెప్పేది. ఆ వెనకాలే చెప్పులు లేకుండా తిరిగిన పిల్ల మా అక్క. గుంటూరులో నర్సింగు చదివింది. నర్సులు కావాలని అమెరికా పిలుస్తున్న రోజుల్లో, డెబ్భై ఒకటిలో, ఒక్కతే విమానమెక్కి వచ్చేసింది. మరుసటి ఏడు భర్తను రప్పించుకుంది.

మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పిన దేవసహాయం బావగారు ఇక్కడ ఒక గోడౌన్‌లో పెట్టెలు సర్దే పనికి కుదురుకున్నారు. మనవాళ్ళు ఊరుకుంటారా? తెలుగువాళ్ళ పార్టీల్లో ఆయన్ని ‘నర్సు మొగుడు’ అని వెనకాల ఒకటే నవ్వులు. ఒకసారి ఆ మాట ఆయన చెవినే పడింది. నాకు ఒళ్ళు మండి ఏదో అనబోతే, ఆయన చల్లగా, “అవునండీ, ఆ పోస్టు దొరకడం అంత ఈజీ కాదు” అన్నారు. వంటంతా ఆయనే చేసేవారు. పిల్లలు లేరు. వాళ్ళకు వాళ్ళే లోకం.

వాళ్ళ కింది ఇంట్లో హరనాథ్‌గారు, కామేశ్వరిగారు ఉండేవారు. ఆయన ఇంజనీరు. ఆవిడ ఇంట్లో దేవుడి గది లేకపోతే బట్టల అల్మరాలో ఒక అర ఖాళీచేసి వెంకటేశ్వరస్వామిని పెట్టుకున్న మనిషి. అయినా ఏదైనా గండం వస్తే మెట్లెక్కి వచ్చేది. “కృపామణిగారూ, ఎల్లుండి వీరికి ఇమిగ్రేషన్ ఇంటర్వ్యూ అండీ. మీ దేవుడికి ఓ మాట చెప్పరూ? మావాళ్ళతో నేను మాట్లాడుకుంటాను” అనేది. అక్క నవ్వేది కాదు. అక్కడికక్కడే కళ్ళు మూసుకునేది.

అలాంటి మనిషి నోరు మూతపడిన కథ ఇది. మళ్ళీ ఎలా తెరుచుకుందో నా కళ్ళతో చూశాను కాబట్టి చెబుతున్నాను. లేకపోతే నేనే నమ్మను.

డెబ్భై తొమ్మిది జనవరి. ఆ ఏటి మంచు చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కార్లు కనిపించడం మానేశాయి, తెల్లటి గుట్టలు మాత్రం వరసగా ఉండేవి. అక్కా నేనూ పొద్దుటి డ్యూటీలో ఉన్నాం. మాది గుండెజబ్బుల వార్డు. సాయంత్రం అక్క వచ్చేసరికి కారు పెట్టుకోవడానికి చోటు చేద్దామని బావగారు పార తీసుకుని మంచు ఎత్తారట. కామేశ్వరిగారు కిటికీలోంచి చూసేసరికి పార ఒకచోట, ఆయన ఒకచోట పడి ఉన్నారు.

మా ఆసుపత్రికే తెచ్చారు. ఎన్ని గుండెలను మళ్ళీ కొట్టించిన చేతులో అక్కవి! ఆ చేతులతోనే ఆయన ఛాతీ మీద నొక్కుతూ, “ప్రభువా, ప్రభువా, ప్రభువా” అంటూనే ఉంది. డాక్టరు ఆగమన్నా ఆగలేదు. చివరికి నేను వెనకనుంచి పట్టుకున్నాను. ఆ ‘ప్రభువా’ దగ్గర ఆగిపోయిన నోరు ఆ తర్వాత మూడు నెలలు ఆ మాట పలకలేదు.

చర్చిలో బావగారి శవపెట్టె ముందు ఆరాధన జరిగింది. అమెరికన్ పాస్టరుగారు మంచివాడు, నెమ్మదిగా మాట్లాడాడు. అంతా అయ్యాక అందరూ కోట్లు తొడుక్కుని వెళ్ళిపోతున్నారు. మేం మాత్రం కదల్లేదు. మన దగ్గర పెట్టె లేస్తే దాని వెంట సమాధుల తోట దాకా పాడుకుంటూ నడవాలి కదా. పెట్టె దింపాక ఒక్కొక్కరూ మట్టి వేయాలి కదా. అక్క తెల్లచీర మీద కోటు వేసుకుని తయారుగా కూర్చుంది. అప్పుడు అంత్యక్రియల ఏర్పాట్లు చూసే నల్లకోటాయన ఒకడు వచ్చి మెల్లగా చెప్పాడు. ఊరి బయట సమాధుల తోటకు దారి మూసుకుపోయిందట. నేల రాయిలా గడ్డకట్టిందట. యంత్రం పోదు, గునపం దిగదు. మంచు కరిగేదాకా పెట్టెను అక్కడి రాతిగదిలో ఉంచుతారట. ఈ దేశంలో ఇది మామూలేనట.

“మామూలా?” అన్నాన్నేను గట్టిగా. “మనిషిని దాచిపెట్టడం మామూలా?” ఆయన నన్ను చూసి ఒకడుగు వెనక్కి వేశాడు పాపం. అక్క మాత్రం సరేనన్నట్టు తల ఊపింది.

మూడోరోజున అక్క ఇంట్లో ఆదరణ కూడిక పెట్టాం. ఎవరింట్లో చావు వచ్చినా మనవాళ్ళు చాపలేసుకుని కూర్చుని, పాటలు పాడి, ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేసి ఆ ఇంటివాళ్ళకు ధైర్యం చెప్పే కూడిక అది. చికాగో నుంచి రైలెక్కి కొందరు వచ్చారు. హరనాథ్ దంపతులు కూడా వచ్చి గోడ వారన కూర్చున్నారు. అందరం ప్రార్థన చేశాం. చివర ఇంటి ఇల్లాలి వంతు. అక్క లేచి వంటింట్లోకి వెళ్ళి టీ నీళ్ళు పెట్టింది.

అందరూ వెళ్ళాక నేను ఉండబట్టలేక దులిపేశాను. “ఏందక్కా ఇది? ఊరందరికీ ప్రార్థన చేసేదానివి, నీకోసం నువ్వు చేసుకోలేవా?”

“ఏమని చెయ్యనే విజయా?” అంది అక్క కప్పులు కడుగుతూ. “ఆ రోజు పొద్దున్న ఆయన పేరు పెట్టి ప్రార్థన చేశాకే డ్యూటీకి వచ్చాను. కాపాడమనే అడిగాను. సరే, తీసుకున్నాడు. తీసుకుంటే తీసుకున్నాడు, మట్టన్నా ఇవ్వాలి కదా? ఇప్పుడు ఆయన ఇంట్లో లేడు, మట్టిలో లేడు. చలికాలం దుప్పట్లను బీరువాలో పెట్టినట్టు పెట్టారు. మా అమ్మ చనిపోయినప్పుడు ఈ చేతులతో మట్టి వేశాను. గింజ వేసినట్టే అనిపించింది. మళ్ళీ లేస్తుందని ఎంత నమ్మకమో! ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ రాతిగది తలుపే కనిపిస్తోంది. దానికి అవతల ఎవరూ వినట్లేదు.”

నేను గుడ్డ తీసుకుని ఆ కప్పులు తుడుస్తూ నిలబడ్డాను. నా నోటికి మూతపడటమంటే మాటలా!

అక్క మళ్ళీ డ్యూటీకి వచ్చింది. ఇంజెక్షన్లు చేసింది, మంచాలు సర్దింది, రోగులను పలకరించింది. కానీ ఎవరైనా ప్రార్థన చేయమంటే, “పాస్టరుగారిని పిలుస్తాను” అని తప్పుకునేది. భోజనం ముందు కూడా ప్రార్థన లేదు. అన్నం వేడివేడిగా తినడం ఎంత చేదుగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

ఒక సాయంత్రం అక్క కంచం ముందు కూర్చుని అలా చూస్తూ ఉంది. “నువ్వు చెయ్యి. నేను వింటాను” అంది.

నాకు ప్రార్థన రాదు. చిన్నప్పుడు తెనాలిలో సండే స్కూలుకు వెళ్ళేదాన్నే గాని, అది బిస్కెట్ల కోసం. అయినా కళ్ళు మూసుకున్నాను. “ప్రభువా, నాకు మాటలు రావు. అక్క అన్నం తినేటట్టు చెయ్యి. ఆమెన్” అన్నాను.

“అంతేనా?” అంది అక్క.

“అంతే. ఆయన బిజీగా ఉంటాడు.”

అక్క నాలుగు ముద్దలు తిన్నది. ఆ తర్వాత రోజూ అదే పని. నేను ప్రార్థన చేయడం, అక్క వినడం. నాలాంటి దాని మాట కూడా పైకి పోతుందా అని నాకే అనుమానం. కానీ అక్క కంచం ఖాళీ అయ్యేది. అది చూసినప్పుడల్లా నాకు లోపల భయంలాంటిది కలిగేది, నిజం. ఎవరో వింటున్నారన్న భయం.

ఏప్రిల్ వచ్చాక సమాధుల తోట నుంచి ఫోన్ వచ్చింది. నేల మెత్తబడింది, పని ఫలానా రోజున పూర్తిచేస్తాం, మీరు శ్రమపడి రానక్కర్లేదు అన్నారట. “నేను వస్తాను” అని ఫోన్ పెట్టేసింది అక్క.

హరనాథ్‌గారు కారు తీశారు. కామేశ్వరిగారు పూలు తెచ్చింది. పాస్టరుగారు అక్కడికే వచ్చాడు. సమాధుల తోటలో మంచు ఎక్కడో చెట్ల మొదళ్ళలో మాత్రం మిగిలి ఉంది. గొయ్యి తవ్వి ఉంది. కానీ ఏదీ కనిపించదు. గొయ్యి అంచులకూ, పక్కన పోసిన మట్టి కుప్పకూ పచ్చటి తివాచీ కప్పేశారు. పెట్టెను పట్టీల మీద, నేలకు పైనే నిలిపారు. పాస్టరుగారు ప్రార్థన ముగించి అందరి చేతులూ పట్టుకుని, చర్చిలో కాఫీ ఉందని చెప్పాడు.

మేం నిలబడ్డాం. కాస్త దూరంగా పనివాళ్ళు టోపీలు తీసి చేత పట్టుకుని నిలబడ్డారు. మేం వాళ్ళు వచ్చి దింపుతారని చూస్తున్నాం. వాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు. గాలి కోసేస్తోంది. ఎవరూ కదలరు. ఇదేం చోద్యమని నాకు చిర్రెత్తుకొచ్చి, “హరనాథ్‌గారూ, కాస్త కనుక్కోండి, వాళ్ళకు ముహూర్తం ఏమైనా ఉందా?” అన్నాను.

ఆయన వెళ్ళి మాట్లాడి, మొహం చిన్నబుచ్చుకుని తిరిగొచ్చారు. “ఇక్కడ ఫ్యామిలీ ముందు దింపరటండీ. చూస్తే తట్టుకోలేరని వాళ్ళ ఫీలింగ్. మనం వెళ్ళాకగానీ దింపరట.”

“వాళ్ళు దింపాకగానీ మనం వెళ్ళమని చెప్పండి” అంది అక్క.

అన్ని వారాల్లో ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. హరనాథ్‌గారు మళ్ళీ వెళ్ళారు. పనివాళ్ళలో పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. అక్క తనే నడిచి వెళ్ళింది. “సర్, మా ఊళ్ళో మట్టి వేయకుండా ఇంటికి వెళ్ళం. హి ఈజ్ మై హజ్బెండ్. ఐ హావ్ టు డూ ఇట్” అంది. ఆయన అక్క మొహం చూశాడు, ఆ తెల్లచీర చూశాడు. వచ్చి పట్టీలు వదిలాడు. పెట్టె మెల్లగా కిందికి దిగింది. తర్వాత ఆయన వంగి, కుప్ప మీది పచ్చ తివాచీని ఒక్క లాగు లాగాడు.

నల్లటి మట్టి. ఇంకే రంగూ కాదు, కారు నలుపు, తడితడిగా మెరుస్తున్న నలుపు. అక్క మోకాళ్ళ మీద కూలబడి గుప్పెట నిండా తీసింది. వేళ్ళతో నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

“విజయా, మన నల్లరేగడే!” అంది. “మా నరసరావుపేట మట్టేనే ఇది. ఎనిమిదేళ్ళ నుంచీ దీనిమీద నడుస్తున్నాను. ఒక్కనాడు చూడలేదే!”

ఇల్లినాయ్ నేలంతా అలాగే ఉంటుందని హరనాథ్‌గారు తర్వాత చెప్పారు. చెబితే చెప్పారులెండి. ఆ క్షణాన నాకు మాత్రం ఆ నేల మొత్తం మాకోసమే తెరుచుకున్నట్టు అనిపించింది. అక్క మట్టి వేసింది. పెట్టె మీద అది పడిన చప్పుడు విన్నాం. నేను వేశాను, హరనాథ్‌గారు వేశారు, కామేశ్వరిగారు చెప్పులు విప్పి, ఆ చలిలో, వట్టికాళ్ళతో వచ్చి వేసింది. పాస్టరుగారు వేశాడు. పనివాళ్ళ పెద్దాయన కూడా వచ్చి వేశాడు.

అప్పుడు అక్క మట్టి చేతులు అలాగే ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

“ప్రభువా, నేను, కృపామణిని” అంది. “మాట్లాడి చాలా రోజులైంది. నీమీద కోపమొచ్చింది. ఇంకా కొంచెం ఉంది. ఈయన్ని నీకు అప్పజెబుతున్నాను. మొహమాటస్తుడు, ఏదీ అడగడు, నువ్వే కనిపెట్టి చూసుకో. నువ్వూ కన్నకొడుకును సమాధిలో చూసుకున్నవాడివే, నీకు నేను చెప్పేదేముంది? ఈ నేల ఇక తెరుచుకోదనుకున్నాను తండ్రీ. తెరిచావు. ఇంకొక్కసారి తెరుస్తావు, నాకు తెలుసు. మంచు కరిగేదాకా ఆగినదాన్ని, నువ్వొచ్చేదాకా ఆగలేనా?”

ఆమెన్ అనవలసింది నేను. నా పక్కన కామేశ్వరిగారు వట్టికాళ్ళతో ఆ నల్లమట్టిలో నిలబడి, రెండు చేతులూ జోడించి, అందరికంటే ముందు ఆ మాట అంది.