వహ్దాన్ తాత ఈల

కారణం లేకుండా ఈల వేసే రిఫరీ ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు, మా కైరోలో షుబ్రా సందులోని వహ్దాన్ తాత. ట్రాము కండక్టరుగా రిటైరయ్యాడు గానీ, నోట్లో ఈల మాత్రం రిటైరు కాలేదు.

శుక్రవారం పిల్లల ఫుట్‌బాల్ ఆయన చేతిలో పడిందంటే అరగంట ఆట సాయంత్రం దాకా సాగేది. ముందు అందరూ సందు చుట్టూ నెమ్మదిగా నడిచి మైదానం కొలవాలి. "మొన్నే కొలిచాంగా తాతా" అంటే, "ఈలోగా కుంచించుకుపోయుంటే?" అనేవాడు. తీరా గోలు పడబోతుంటే ఈల!

"ఏమైంది తాతా?"

"పిల్లి అడ్డొచ్చింది."

"ఏదీ, ఎక్కడ?"

"వస్తుంది. కూర్చోండర్రా."

మూడో అంతస్తు బాల్కనీలోంచి ఇన్‌సాఫ్ పళ్లు నూరుకునేది. ఆమె ఏడేళ్ల కూతురు జుమానాకు ఉబ్బసం. ముందు మందు పీల్చి, హాయిగా ఆడుకోనిమ్మన్నాడు డాక్టరు. కానీ ఇన్‌సాఫ్ బంధువులంతా డాక్టరు కన్నా పెద్ద డాక్టర్లు. ఎండాకాలంలో ఉన్ని బనియన్లు తొడిగించారు, సాంబ్రాణి పొగ పట్టించారు. పిల్ల దగ్గు రెట్టింపైంది. చివరికి దాని ఏడుపు చూడలేక ఇన్‌సాఫ్ కిందికి పంపింది, "నువ్వు ఆయాసపడ్డం నా కంటబడిందా, మళ్లీ మెట్లు దిగనివ్వను" అని బెదిరించి మరీ.

ఆ శుక్రవారం జుమానా బంతితో దూసుకుపోతోంది. ఆయాసంతో పిల్ల భుజాలు ఎగసిపడటం చూసి తల్లి వెనక్కి పిలవబోయింది. అంతలో ఈల.

"బంతికి లేసు ఊడింది!"

"బంతికి లేసెక్కడిది తాతా?"

"అదే వెతుకుతున్నా. కూర్చోండి."

అందరూ తిట్టుకుంటూ చతికిలబడ్డారు, జుమానా కూడా. దాని భుజాలు కుదుటపడ్డాకే మళ్లీ ఈల మోగింది. మూడోసారీ అంతే జరిగేసరికి ఇన్‌సాఫ్ చెప్పులైనా లేకుండా పరుగున దిగింది.

"బాబాయ్, నువ్వు చూసేది బంతిని కాదు, మా పిల్లని!"

"మందు పీల్చందే దాన్ని మైదానం కొలతకి కూడా రానివ్వనమ్మా" అన్నాడు తాత గొంతు తగ్గించి. "దాన్నొక్కదాన్నే కూర్చోమంటే రేపు ఎవరు ఆటకి పిలుస్తారు? నన్ను పిచ్చోడంటే నాకేం? ట్రాములో ముప్పై ఏళ్లు ఇంతకన్నా ఘోరంగా తిట్టించుకున్నా."

ఇన్నాళ్లూ ఆయన్ని తిట్టుకున్నందుకు ఇన్‌సాఫ్‌కు సిగ్గేసింది.

మరుసటి శుక్రవారం జుమానా గోలు దగ్గరికి వచ్చేసింది, భుజాలు మళ్లీ లేస్తున్నాయి. తాత నోటినిండా కుషరీ అన్నం. ఈల ఎలా ఊదుతాడు? అంతలో మూడో అంతస్తు నుంచి తాడుకు కట్టిన బుట్ట సర్రున దిగి సరిగ్గా గోలు ముందు ఆగింది. అందులో నీళ్ల సీసాలు.

"ఆగండర్రా! నీళ్లు తాగాకే గోలు!" అని అరిచింది ఇన్‌సాఫ్.

గోల్‌కీపర్ షిహాబ్ నెత్తి కొట్టుకున్నాడు. "అయిపోయింది! తాత పిచ్చి పిన్నికీ అంటుకుంది!"

అందరికన్నా గట్టిగా నవ్వింది జుమానా, తీరిగ్గా కూర్చుని నీళ్లు తాగుతూ.