మేడమ్ మొహం చూడకుండా

పిహెచ్‌డి చేసేవాళ్ళకు పరిశోధన నేర్పడం మా అక్క ఉద్యోగం. చిన్న కంపెనీ పెట్టి, సొంత ఊళ్ళో ఇంకా నిలదొక్కుకోకముందే పరాయి దేశాల్లో సరుకు అమ్మడానికి బయల్దేరేవాళ్ళు ఆవిడ సబ్జెక్టు. వాళ్ళు ఏ దేశాన్ని ఎందుకు ఎంచుకుంటారు, ముక్కూమొహం తెలియనిచోట మొదటి గిరాకీని ఎలా పట్టుకుంటారు, ఇవన్నీ ఆవిడా ఆవిడ శిష్యులూ ఏళ్ళ తరబడి తవ్వేవారు. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఇప్పటికీ ఎవరైనా తలుపు తడితే, థీసిస్ పట్టుకుని ఏ పిల్లో వచ్చిందనే అనుకుంటాను.

థీసిస్ పూర్తయితే ఆవిడ దిగులు తీరేది కాదు, అప్పుడే మొదలయ్యేది. "రాయించి పంపేస్తే అయిపోతుందటే? రేపు ఇంకోచోట ఉద్యోగంలో చేరి, కొత్త ప్రశ్న తనంతట తను అడగాలి. అది రాకపోతే నేను తయారుచేసింది పరిశోధకురాలిని కాదు, నాకో గుమాస్తాని" అనేది నాతో.

నేను వాళ్ళింటి మేడమీద గదిలో ఉండేదాన్ని. శనివారాలు కింద హాల్లో రిహార్సల్ జరిగేది. భోజనాలబల్ల గోడవారకు జరిపేవారు. శిష్యుల్లో ఒకరు నిలబడి తమ పరిశోధన చెబితే, మిగతావాళ్ళు తెలిసినవాళ్ళన్న మొహమాటం లేకుండా ప్రశ్నలతో పొడవాలి. సబ్జెక్టు తెలియని మనిషి కూడా ఒకరుండాలని అక్క నన్నూ కూర్చోబెట్టేది.

"ఇన్ని విన్నాక ఈ బల్లకి కూడా ఒక డాక్టరేట్ ఇచ్చి పంపించేయరాదూ?" అనేవాడు బావ, టీ కప్పులు తెస్తూ.

ఓ ఏడాది అందరికన్నా ఎక్కువగా అక్క నిద్ర పాడుచేసింది ఒక అమ్మాయి. గొంతు పెగలదు కాబట్టి బావ ఆమెకు గుసగుస అని పేరు పెట్టాడు. ప్రయోగశాలల్లో వాడే చిన్న పరికరాలు చేసి విదేశాలకు అమ్మే కంపెనీల యజమానులను కలిసి, వాళ్ళు చెప్పింది వందల పేజీలు రాసుకుంది. పని బంగారంలా ఉందని అక్కే అనేది. కానీ స్టైపెండు ఆ నెలతో ఆఖరు. పక్క ఊరి విశ్వవిద్యాలయంలో ఒక్క ఉద్యోగం ఉంది. అక్కడ అందరి ముందూ ఉపన్యాసం ఇచ్చి, ప్రశ్నలకు నిలబడాలి. అది తప్పితే పరిశోధన మానేసి వాళ్ళ అన్నయ్య మందుల షాపులో కూర్చోవడమే.

రిహార్సల్లో ఆమె తడబడలేదు. ప్రశ్న పడగానే మాత్రం కళ్ళు అక్కవైపు తిరిగేవి. అక్క కనుబొమ్మ కాస్త లేచిందా, జవాబు సగంలో దారి మార్చుకునేది.

అందరూ వెళ్ళాక బావ అన్నాడు. "ఆ పిల్ల కంపెనీల్ని చదివిందో లేదోగానీ, నీ మొహాన్ని మాత్రం బాగా చదివింది."

అక్క నవ్వలేదు. "నాలుగేళ్ళూ నేను నేర్పిందదేనేమో" అంది.

తర్వాతి శనివారం అక్క వంటింట్లో ఉండి తలుపు చేరవేసుకుంది. నేనూ ఆవిడ పక్కనే నిలబడ్డాను. హాల్లోంచి ఒక సీనియర్ శిష్యుడి గొంతు వినపడింది.

"నువ్వు మాట్లాడింది ఇవాళ నడుస్తున్న కంపెనీలతోనే కదా. విదేశాలకు వెళ్ళి దెబ్బతిని మూసేసుకున్నవాళ్ళ మాటేమిటి? వాళ్ళు కూడా ఇవే పనులు చేసి ఉంటే, గెలుపుకి ఇదీ కారణమని నువ్వెలా అంటావు?"

అక్క గరిటెతోనే వెళ్ళి తలుపు తోయబోతే నేను గడియమీద చెయ్యి వేశాను. చాలాసేపటికి ఆ అమ్మాయి థీసిస్ చివర రాసినవేవో అప్పజెప్పింది. "పరిమితులు" అంది, "భవిష్యత్ పరిశోధన" అంది.

అక్క బయటికి వచ్చేసింది. "అవి నా మాటలు. నీదేది?"

గుసగుస మొదటిసారి గొంతు పెంచింది. "ప్రతి వాక్యం మీరే దిద్దారు మేడమ్. ఇప్పుడు నాది తెమ్మంటే ఎక్కణ్ణుంచి తేను?"

అక్క కుర్చీ లాక్కుని కూర్చుని, "నిజమే" అంది.

ఉపన్యాసం ఎవరైనా వచ్చి వినొచ్చన్నారు. వెళ్ళాలా వద్దా అని అక్క వారమంతా కొట్టుమిట్టాడింది. వెళ్తే ఆ పిల్ల తననే చూస్తుంది. వెళ్ళకపోతే బెదిరిపోతుంది. చివరికి నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. హాల్లో ఆఖరి వరసలో కూర్చున్నాం. పైట కొంగు వేలికి చుట్టడం, విప్పడం, ఇదే పని ఆవిడకి.

గుసగుస బాగానే మాట్లాడింది. తర్వాత ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మేం భయపడిన ప్రశ్నే అడిగాడు. మూతపడ్డవాళ్ళ సంగతేమిటన్నాడు.

ఆమె కళ్ళు నేరుగా మా వరసకు వచ్చాయి.

"అటేం చూస్తారమ్మా? అడిగింది నేను" అన్నాడాయన. కొందరు నవ్వారు.

అప్పుడు మా అక్క, జుట్టు నెరిసిన ప్రొఫెసరు, నడుం వంచి కుర్చీల మధ్యకి దిగిపోయింది. ఏదో పడిపోతే వెతుకుతున్నట్టు నేలంతా తడుముతోంది. ఏమీ పడలేదని నాకు తెలుసు. నడుం నొప్పి మనిషి.

"లే, చూస్తున్నారు" అన్నాను మెల్లగా.

"అదే వద్దు. నువ్వూ మొహం తిప్పుకో" అంది కిందనుంచి.

వేదికమీంచి ఆ అమ్మాయి గొంతు వినపడింది.

"తెలీదండీ. మూసేసినవాళ్ళల్లో ఒకాయనకి ఫోన్ చేశాను. ఓడిపోయిన కథ నీకెందుకమ్మా అని పెట్టేశారు. సిగ్గేసి ఇంకెవరికీ చెయ్యలేదు. అది నా తప్పు. వాళ్ళు చెప్పేది వినకుండా నేను 'కారణం' అన్న మాట వాడకూడదు. ఉద్యోగం ఇస్తే ముందు వాళ్ళనే వెతుకుతాను."

అక్క తల నా మోకాలికి తగిలి ఆగింది. "ఫోనా? ఎప్పుడు?" అంది నేలతో మాట్లాడుతున్నట్టు.

కమిటీ లోపల మాట్లాడుకుంటుంటే వరండాలో బల్లమీద కూర్చున్నాం. అమ్మాయి అక్కవైపు తిరిగింది. "పాడుచేశానా మేడమ్?"

"నాకూ తెలీదమ్మా. నేనూ గెలిచినవాళ్ళనే కలిశాను ఇన్నేళ్ళూ." అక్క మళ్ళీ అంది. "ఆ ఫోన్ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు ప్రశ్నలు రాసిచ్చి మళ్ళీ చేయిస్తారు. అదొక్కటైనా మీరు దిద్దకుండా ఉండాలనిపించింది."

ఇంతలో ఆఫీసు మనిషి వచ్చి అమ్మాయిని పిలిచాడు. ఆమె లేచి, మావైపు చూడకుండా లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఏడుస్తూ నవ్వుతోంది. ఉద్యోగం ఆమెకే ఇచ్చారు. అక్క ఆమె తల నిమిరి, "మందుల షాపు బతికిపోయింది" అంది.

తిరుగు ప్రయాణంలో అక్క నిద్రపోతుందనుకున్నాను. ఆవిడ కిటికీ చువ్వ పట్టుకుని, ఎవరో పరీక్షకు పిలిచినట్టు బిగదీసుకుని కూర్చుంది. సంతోషించవే అని నేనంటే తలూపింది. ఇంటికి చేరి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ అప్పుడు నోరు విప్పింది.

"మిగతా పిల్లలు నా దగ్గర ఏమేం దాస్తున్నారో" అంది.