కిటికీకి వేలాడిన ఊదా రాయి

నగల్లో రాళ్ళు పొదిగే ఆ మనిషిని వీధిలో అందరూ ‘భూతద్దం’ అనేవారు. కంటికి అద్దం తగిలించుకోనిదే రాయినే కాదు, మనిషినీ నమ్మేవాడు కాదు. టీ గ్లాసును కూడా వెలుతురుకేసి పట్టి చూశాకే తాగే రకం.

అలాంటివాడు నోరారా మెచ్చుకున్నది ఒక్క ఊదా రాయిని, అమెథిస్టునే. వజ్రంలా కళ్ళల్లో పొడవదు, పిలిచి కూర్చోబెడుతుంది అనేవాడు. నేరుగా చూస్తే నేరేడుపండు రంగు, కాస్త వంచితే లోపల ఎర్రటి జీర. అలాంటి రాయినే ఏరి భార్యకు లాకెట్టు చేశాడు. చూసినవాళ్ళంతా అదే కావాలంటుంటే నమూనాగా కొట్టుకు తెచ్చాడు. సొరుగులో పెట్టి తాళం వేస్తే కంటికి కనబడదు, కనబడనిదాని మీద ఆయనకు నమ్మకం లేదు. అందుకని తన పీటకెదురుగా కిటికీ మేకుకు తగిలించాడు. తల ఎత్తితే కనబడాలి.

ఎండాకాలం గడిచింది. ఊరెళ్తూ భార్య లాకెట్టు కోసం కొట్టుకొచ్చింది. అరచేతిలో పెట్టుకుని చూసి, “ఇది నాది కాదు. నాది ఇలా వెలవెలబోయి లేదు” అంది.

కొట్టులో ఆయన కాక ఉండేది ఆవిడ తమ్ముడొక్కడే. పైగా మొన్ననే కొత్త చెప్పులు కొన్నాడు. ఆ చెప్పులే సాక్ష్యమైపోయాయి.

“రాయి ఎక్కడ మార్చావో చెప్పు. లేదంటే రేపట్నుంచి ఈ గడప తొక్కకు” అన్నాడు ఆయన.

తను మేకు వైపే వెళ్ళలేదని వాడు మొత్తుకున్నాడు. మొగుడికీ తమ్ముడికీ మధ్య నలిగిపోయిన ఆవిడ, మనుషుల మీద పెట్టే ఆ అద్దమేదో ముందు రాయి మీద పెట్టమంది.

పెట్టాడు. రాయి లోపల ఏటవాలుగా రంగు చార, మూలన ఈకలాంటి పగులు. తను ఏరిననాడు చూసినవే. రాయి అదే, రంగే దిగిపోయింది. రోజూ చూస్తున్న కంటికి ఆ దిగడం తెలియలేదు.

ఈ రాయిని ఎండలో వదిలేయకండి, రంగు పోతుందని కొన్న ప్రతివాళ్ళకీ చెప్పేది ఆయనే. దొంగలకు భయపడి, చేతులారా కిటికీకి తగిలించి ఎండకిచ్చిందీ ఆయనే.

బావమరిది అప్పటికే గుమ్మంలో ఆ కొత్త చెప్పులు తొడుక్కుంటున్నాడు. “కిటికీని కూడా పనిలోంచి తీసేస్తావా బావా?” అన్నాడు.

తప్పయిందనడం ఆయనకు ఏనాడూ చేతకాలేదు. పాలిపోయిన లాకెట్టును ఆవిడ మెళ్ళో వేసుకుంటుంటే చూడలేక, మొలతాడు నుంచి సొరుగు తాళంచెవి విప్పి వాడి చేతిలో పెట్టాడు.

“ఊదా రాళ్ళన్నీ ఇకమీదట సొరుగులోనే. ఇది నీ దగ్గరుంచు.”

వాడు దాన్ని జేబులో వేసుకుని, చెప్పులు విడిచి పనిలో కూర్చున్నాడు. ఆ పూటంతా తల ఎత్తినప్పుడల్లా ఆయన చూసింది వాడి జేబునే.